ఎలుకల్లో మాత్రమే

ల్యాబులో పిల్లలు ఆమెకు పెట్టుకున్న పేరు కుక్కర్ మేడమ్. ఎవరైనా ఆలస్యంగా వస్తే ముందు తలుపు సందులోంచి తొంగి చూసి, లోపలున్నవాళ్ళని “ఎన్ని విజిల్స్ అయ్యాయి?” అని సైగతో అడిగి, ఒకటో రెండో అంటేనే లోపలికి అడుగుపెట్టేవాళ్ళు. ఈ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేది. ఆ పేరు తనకు సరిగ్గా అతికిందని ఆమెకే అనిపించేది.

ఆ కోపం ఊరికే వచ్చేది కాదు. ఆమె పనంతా ఆర్‌ఎన్‌ఏతో. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే సన్నటి పోగు అది. జన్యువు చెప్పిన మాటను మోసుకెళ్ళి కణం చేత పని చేయించేది. ఆ పోగుల్ని తమకు కావలసిన తీరులో తయారుచేసి, వేడి ఉప్పునీళ్ళలో వేసి మెల్లగా చల్లారనిస్తే చాలు, వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని ముక్కాలి పీటలా నిలబడతాయి. కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనని పీట. దాని ఒక కాలు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అతుక్కుంటుంది. ఇంకో కాలు, ఆ కణాన్ని పెరుగు పెరుగు అని తొందరపెట్టే జన్యువు నోరు మూయిస్తుంది. మిగిలిన కాలు స్కానులో మెరిసి గడ్డ ఎక్కడెక్కడికి పాకిందో చూపిస్తుంది. జబ్బును కనిపెట్టేదీ అదే, మందూ అదే. కాకపోతే మహా సుకుమారం. మనిషి వేలి చెమట తగిలితే పోగులు విరిగి ముక్కలైపోతాయి. అందుకని గ్లౌజులు లేకుండా ఎవరైనా బల్ల మీద చెయ్యి ఆనించారా, విజిల్ మోగేది.

ఏళ్ళ తరబడి అరిచి గీపెట్టి, చివరికి ఆ పీటను ఎలుకల ఒంట్లో నిలబెట్టింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో గడ్డలు ఎండు ద్రాక్షల్లా ముడుచుకుపోయాయి. ఆ రోజు కుక్కర్ మేడమ్ ఒక్క కేక కూడా వెయ్యలేదు. బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చి వచ్చింది. అప్పటికే వాళ్ళక్క రొమ్ములోనూ గడ్డ ఉంది.

అక్క డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టిన ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ చేత చీవాట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. “రోడ్డు నీ పుట్టింటివాళ్ళు రాసిచ్చారనుకున్నావా? పక్కకి తియ్యి!” అని ఆవిడ అరిస్తే పక్క వీధిలో నడిచేవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. కోపం ఆ ఇంట్లో ఇద్దరాడపిల్లలకీ సమానంగా పంచారు. బావ నెమ్మదస్తుడు. స్కూలు ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తి, భార్య తిట్టిన శిష్యురాళ్ళని బుజ్జగించి మళ్ళీ రప్పించడం ఆయన పని.

అక్కకి కీమో బాగానే పనిచేస్తోంది. జుట్టంతా ఊడిపోయింది, నోట్లో పుళ్ళు, మెట్లెక్కితే ఆయాసం. కానీ గడ్డ తగ్గుతోంది. “ఇంకొన్నిసార్లు ఎక్కిస్తే చిన్న ఆపరేషనుతో పోతుంది. రొమ్ము తియ్యక్కర్లేదు,” అని క్యాన్సర్ డాక్టరమ్మ చెప్పింది. అక్క టోపీ పెట్టుకుని, నీరసంగా ఉన్న రోజు కూడా శిష్యురాలి పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉండేది.

ఇదిలా ఉండగా ఆమె పనిచేసే సంస్థ డైరెక్టరు గారు విలేకర్లను పిలిచాడు.

ఆయనకు మైకు కనిపిస్తే ఒళ్ళు తెలియదు. ఎలుకల ఫలితాలు పెద్ద పత్రికలో అచ్చయ్యాయని, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని సభ పెట్టాడు. వెనక తెర మీద ముక్కాలి పీట బొమ్మ, బంగారు రంగులో ధగధగలాడుతూ. అసలు దానికి రంగే ఉండదు.

“ఇంతకాలం క్యాన్సర్ వచ్చినవాళ్ళు జుట్టు ఊడి, వాంతులు చేసుకుని నరకం చూశారు. ఇక కీమోకి కాలం చెల్లింది. గురి తప్పని మందు మా చేతుల్లో ఉంది,” అన్నాడాయన.

ఆమె మైకు దగ్గరికి జరిగి, “ఇది ఇంకా ఎలుకల్లో మాత్రమే...” అంది.

ఆయన పకపకా నవ్వి మైకు తనవైపు లాక్కున్నాడు. “మా మేడమ్‌కి వినయం ఎక్కువండీ!” అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగోదని ఆమె కూడా నవ్వింది. సాయంత్రం టీవీలో ఆ నవ్వు వచ్చింది. ఎలుకల మాట రాలేదు.

మర్నాడు ఆయన గదికి వెళ్ళి, “అలా అనేశారేంటి సర్?” అని అడిగింది. “మాట వరసకి అన్నానమ్మా. ఎవరు పట్టించుకుంటారు?” అన్నాడు. మనుషుల మీద పరీక్షలకి అనుమతి అడగాలంటే ఆయన అండ కావాలి. కోపం దిగమింగుకుని వచ్చేసింది. ఆపైన పనిలో పడి, చాలా రోజులు అక్క ఇంటి వైపు కూడా వెళ్ళలేదు. ఫోన్లో అడిగితే “బ్రహ్మాండంగా ఉన్నానే” అనేది అక్క.

ఒక మధ్యాహ్నం అక్కే తెల్ల కారేసుకుని ల్యాబు గేటు దగ్గరికి వచ్చింది. ఎండ మండిపోతోంది. చెల్లెలు పక్క సీట్లో కూర్చుంది. అక్క ముఖం కళకళలాడుతోంది, గొంతు ఖంగుమంటోంది. సిగ్నల్ దగ్గర కారాపి, “ఇది చూడు!” అని టోపీ తీసేసింది.

తలంతా పసిపిల్ల తలలా నూగు. నల్లగా, మెత్తగా. చెల్లెలికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. చెయ్యి చాచి నిమిరింది. నిమురుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

“అక్కా, ఇంత జుట్టెలా వచ్చింది?”

“ఎలా రావడమేంటే? తలుంది కాబట్టి వచ్చింది.”

“కీమో నడుస్తుంటే రాదు.”

పచ్చ లైటు పడింది. అక్క గేరు మార్చి, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, “నడవట్లేదుగా,” అంది.

“అంటే?”

“మానేశా. నీ మందు వస్తోందిగా. ఇంకా ఆ విషం ఎందుకెక్కించుకోవాలి? మీ బావ కూడా అదే అన్నారు. మీ సారే టీవీలో చెప్పాడు కదా, కీమోకి కాలం చెల్లిందని. నువ్వు పక్కనే ఉన్నావు. ఎంత బాగా నవ్వావనుకున్నావ్! నీకు చెబితే కంగారు పడతావని, మందు చేతికొచ్చాక చెబుదామని...”

జీవితంలో ఎన్నడూ కారు నడపని చెల్లెలు, తన కాళ్ళ దగ్గర, నేర్పేవాళ్ళ కోసం విడిగా పెట్టిన బ్రేకును రెండు పాదాలతోనూ తొక్కింది. కారు నడిరోడ్డు మీద కీచుమని ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మోగాయి.

“నీకేమైనా పిచ్చా?” అని అక్క అరిచింది.

“నీకు పిచ్చా! ఎవరినడిగి మానేశావ్? అది మందు కాదక్కా! మనుషులకివ్వలేదు దాన్ని. ఒక్కళ్ళకి, ఒక్క మనిషికి కూడా ఇవ్వలేదు!”

“మరి టీవీలో?”

“టీవీలో నా బొంద!”

పక్కనుంచి పోతున్న లారీ వాడు తల బయటపెట్టి ఏదో అన్నాడు. ఇద్దరక్కచెల్లెళ్ళూ ఒకేసారి తిరిగి వాణ్ణి తిట్టారు. వాడు పోయాక అక్క కారును డ్రైవింగ్ స్కూలు వైపు తిప్పింది.

డ్రైవింగ్ స్కూలు ఆఫీసులో బావ ఆ టీవీ ముక్కను కొత్తగా చేరడానికొచ్చిన అమ్మాయికి ఫోన్లో చూపిస్తున్నాడు. “మా మరదలు,” అంటున్నాడు. చెల్లెలు వెళ్ళి ఫోన్ లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది.

“మీకు బుద్ధుందా బావా? నన్నొక్క మాట అడగాలని తోచలేదా?”

బావ తెల్లబోయాడు. “నువ్వే కదమ్మా చెప్పావు,” అన్నాడు. ఆయన గొంతులో దాపరికం లేదు, సంజాయిషీ లేదు. నమ్మిన మనిషి గొంతు అది. దాన్నేమని తిట్టాలో ఆమెకు తెలియలేదు. అదే ఆమెకు మరీ మంట పుట్టించింది.

వెంటనే స్కాను తీయించారు. క్యాన్సర్ డాక్టరమ్మ ఆ బొమ్మలు వెలుగుకు పెట్టి, పాతవాటి పక్కన మళ్ళీ పెట్టి చూసింది. తగ్గిన గడ్డ మళ్ళీ పెరిగింది. చంకలో గ్రంథుల్లోకి పాకింది.

“మీరు బయట కూర్చోండమ్మా,” అని అక్కనీ బావనీ పంపేసి, ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. “మీరే కదూ టీవీలో వచ్చింది? రండి, మీకొకటి చూపించాలి.”

కీమో ఎక్కించే హాలు తలుపు తీసింది. గోడ వారగా వాలుకుర్చీలు, ప్రతిదాని పక్కనా సెలైను స్టాండు. కొన్ని కుర్చీల్లో మనుషులున్నారు. చాలా కుర్చీలు ఖాళీ.

“ఇక్కడ కుర్చీ కోసం జనం కొట్టుకునేవాళ్ళు,” అంది డాక్టరమ్మ. “మీ సభ అయ్యాక ఒక్కొక్కళ్ళే మానేశారు. ఫోన్ చేస్తే, ‘కొత్త మందొస్తోందట డాక్టరు గారూ, ఆగుతాం’ అంటున్నారు. ఆ మూల కుర్చీలో కూర్చునే అమ్మాయికి నయమైపోయేది. నయమయ్యే జబ్బది! ఇప్పుడెక్కడుందో కూడా తెలీదు. మీ అక్క కాబట్టి మీరు పరిగెత్తుకొచ్చారు. మిగతావాళ్ళకి చెల్లెళ్ళు లేరా?”

చెల్లెలు ఆ మూల కుర్చీ వంకే చూసింది. ఎవరైనా తనను అంతలా తిట్టి చాలా కాలమైంది. ప్రతి మాటా తగలవలసిన చోటే తగిలింది.

బయట వరండాలో అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. స్కాను సంగతి బావ మొహంలోనే చదివేసింది. చెల్లెల్ని చూడగానే లేచి చెయ్యి పట్టుకుంది.

“సరే, మనుషులకింకా ఇవ్వలేదంటున్నావు. నాకివ్వు. నాతోనే మొదలెట్టు.”

“అలా ఇవ్వకూడదక్కా.”

“ఏం? నీ ఫ్రిజ్‌లో లేదా?”

“ఉంది.”

“ఉండీ ఇవ్వవా? ఎలుకలకిచ్చావు. సొంత అక్కకివ్వవా?”

“మోతాదు ఎక్కువైన ఎలుకలకి కాలేయం వాచిపోయింది. చచ్చిపోయాయి. మనిషికి ఎంతివ్వాలో, ఇస్తే ఏమవుతుందో, మనకు తెలియాల్సింది చాలా ఉంది. నేను చేసింది ఎలుకలకి సరిపడా శుభ్రంగా చేశాను, నీ రక్తంలోకి ఎక్కించేంత శుభ్రంగా కాదు. అక్కా, కీమో మళ్ళీ మొదలెడదాం. డాక్టరమ్మ వేరే మందులున్నాయంటున్నారు. ఇంకా చెయ్యి దాటిపోలేదు.”

అక్క చెయ్యి వదిలేసింది.

“నీ చేత్తో ఇస్తే చచ్చినా ఫరవాలేదనుకున్నా. నువ్వివ్వకపోతే వాళ్ళవి కూడా నాకొద్దు. పదండి,” అని బావని లేవదీసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. బావ మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, అడుక్కోవడం ఉంది.

ఆమె తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళింది. ఎవరో అతిథులతో ఉన్నారని బయట గుమాస్తా అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు. అతిథులు కూడా ఎందుకొచ్చిన గొడవని లేచి వెళ్ళారు.

“మీరు చెప్పింది అబద్ధమని మీరే చెప్పాలి సర్. అదే విలేకర్లని పిలిచి, అదే గదిలో. జనం కీమో మానేస్తున్నారు.”

“కూర్చోండి మేడమ్. నీళ్ళు తాగండి.”

“నాకు దాహం లేదు.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నిమ్మళంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. “నేనేం చెప్పానమ్మా? కీమో మానెయ్యమన్నానా? ఎక్కడన్నాను? భవిష్యత్తు గురించి చెప్పాను. నాలుగు ఆశ మాటలు చెప్పడం కూడా నేరమేనా?”

“ఆశ కాదు మీరిచ్చింది. వాళ్ళ దగ్గరున్న మందు లాక్కున్నారు. పనిచేస్తున్న మందు!”

“మీరు ఆవేశంలో ఉన్నారు. మీ అక్కగారి సంగతి విన్నాను. చాలా బాధాకరం.” ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “చూడండి, ఇది మనిద్దరి మధ్యే. అంతగా అయితే మీ ఫ్రీజర్లో ఉందిగా. కాస్త తీసుకెళ్ళండి. నేను చూసీ చూడనట్టు ఉంటాను.”

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. అప్పటిదాకా ఆయన తెలిసి అబద్ధమాడాడనుకుంది. అదైతే ఇంకా నయం. ఈయనకు అబద్ధానికీ నిజానికీ తేడాయే పట్టదు. తీసుకెళ్ళి ఎక్కిస్తే అక్క బతికితే ఇంకో సభ పెడతాడు. చస్తే చూసీ చూడనట్టు ఉంటాడు.

“మీరు చెప్పకపోతే నేను చెబుతాను,” అంది.

“సంస్థ తరఫున మాట్లాడే అధికారం మీకు లేదు.”

“ఆ సభలో నవ్వేటప్పుడు ఉందా సర్?”

తలుపు విసిరి కొట్టి వచ్చింది. ల్యాబులో పిల్లలు ఆమెను చూసి గోడలకు అతుక్కుపోయారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. గ్లౌజులు తొడుక్కుని ఫ్రీజర్ తలుపు తీసింది. తెల్లటి పొగలాంటి చలి మొహాన కొట్టింది. చిన్న చిన్న సీసాలు వరసగా ఉన్నాయి. ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. ఇంత తేలిక వస్తువుని జేబులో వేసుకుంటే ఎవరడుగుతారు? అక్క చిన్నప్పుడు తనని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేది. పడిపోతామేమో అంటే, “నేనుండగా పడతావా?” అనేది. నిజంగానే ఒక్కసారీ పడెయ్యలేదు.

సీసాను దాని చోట పెట్టేసింది. తలుపు మూసి, దానికి నుదురు ఆనించి నిలబడింది. పిల్లల్లో ఒకమ్మాయి దగ్గరికొచ్చి, “మేడమ్, మంచినీళ్ళు తేనా?” అంది. “ఈ ప్రపంచంలో అందరూ నాకు నీళ్ళు పట్టేవాళ్ళేనా?” అని అరిచింది. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయింది. అది చూసి ఆమె తనను తానే తిట్టుకుంది.

ఆ సభ నాటినుంచీ సంస్థ గేటు ముందు జనం రావడం మొదలైంది. ఎక్కడెక్కడినుంచో, రోగుల్ని వెంటబెట్టుకుని. డైరెక్టరు వాళ్ళని పొమ్మనలేదు. పైగా టెంటు వేయించి, కుర్చీలు వేయించి, మంచినీళ్ళు పెట్టించాడు. పెద్దమనుషులెవరైనా సంస్థ చూడ్డానికొస్తే కారు ఆ టెంటు పక్కగా తిప్పించేవాడు. “చూశారా, జనానికి మా మీదెంత నమ్మకమో!” అనేవాడు. ఆమె ఇన్నాళ్ళూ వెనక గేటునుంచి వచ్చి వెనక గేటునుంచి వెళ్ళేది. టెంటు సంగతి వింది కానీ వెళ్ళి చూడలేదు.

మర్నాడు పొద్దున ముందు గేటుకి వచ్చింది. ల్యాబు కోటు వేసుకునే వచ్చింది. టెంటు కింద జనం ఆమెను గుర్తుపట్టి గబగబా లేచారు. ఒక ముసలాయన చేతులు జోడించాడు. ఆమె ఆయన చేతులు పట్టుకుని దించింది. తర్వాత అందరికీ వినిపించేలా గొంతు పెంచింది.

“కూర్చోండి. అందరూ వినండి. మా దగ్గర మందు లేదు.”

ఎవరికీ అర్థం కాలేదు. అయిపోయిందేమో అనుకున్నారు. “మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా?” అని ఎవరో అడిగారు.

“అయిపోలేదు. అసలు లేదు. ఎలుకల్లో పనిచేసింది, అంతే. మనుషుల్లో పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదు. తెలియడానికి ఏళ్ళు పడుతుంది. పని చెయ్యకపోవచ్చు కూడా. మీలో ఎవరైనా దీనికోసం కీమో ఆపేసి ఉంటే ఈ రోజే, ఇక్కణ్ణుంచే, మీ డాక్టర్ల దగ్గరికి వెళ్ళిపోండి.”

గొడవ మొదలైంది. ఒకరు ఏడ్చారు. “డబ్బున్నవాళ్ళకి దాచిపెడుతున్నారు!” అని ఒకరు కేకేశారు. గుంపులోంచి ఒక మనిషి ముందుకు తోసుకొచ్చాడు. బోర్డులు రాసే పెయింటరు. వేళ్ళ సందుల్లో నీలం, పసుపు రంగులు ఎండిపోయి ఉన్నాయి. వెనక కుర్చీలో అతని భార్య, దుప్పటి కప్పుకుని ఉంది, అంత ఎండలోనూ.

“మీరే కదా టీవీలో కూర్చున్నారు?” అన్నాడు.

“నేనే.”

“ఇదంతా అప్పుడు చెప్పలేదేం?”

“చెప్పబోయాను. నా మాట లాగేసుకున్నారు. నేను మళ్ళీ అడగలేదు. ఊరుకున్నాను. తప్పు నాది కూడా.”

“తప్పా?” అతని గొంతు చీలిపోయింది. “నేనే మాన్పించానమ్మా దీని చేత! వద్దంటున్నా వినకుండా నేనే మాన్పించాను. దీన్ని ఉత్త తప్పంటారా మీరు?” చేతిలో ఉన్న నీళ్ళ సీసా విసిరేశాడు. అది ఆమె భుజానికి తగిలి, మూత ఊడి, కోటంతా తడిసింది. గేటు దగ్గరి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఆమె అతన్ని ఆపింది.

“కొట్టనీ,” అంది.

అప్పుడు దుప్పటి కప్పుకున్నావిడ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. సన్నటి గొంతు, కానీ అందరికీ వినిపించింది. “ఈవిణ్ణి కొడితే నా జబ్బు పోతుందా? ఆటో పిలువు. ఆసుపత్రికి పోదాం.” మొగుడు కదలకపోతే, “నిన్నే! తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని,” అంది. ఆవిడ వెనకే ఇంకొందరు కదిలారు. అందరూ కాదు. సాయంత్రందాకా కొందరు అక్కడే కూర్చున్నారు, ఆమె మాటే అబద్ధమవుతుందేమో అన్నట్టు.

ఎవరో అదంతా ఫోన్లో తీశారు. తడిసిన కోటుతో, జుట్టు రేగిపోయి, “మందు లేదు” అని అరుస్తున్న మేడమ్ మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలోనూ ఉంది. టీవీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆమె మైకును రెండు చేతులతో పట్టుకుని, తను చెప్పదలచుకున్నది పూర్తయ్యేదాకా వదల్లేదు. సాయంత్రానికి టెంటు పీకేశారు. మర్నాడు ఆమె ల్యాబు తాళాలు తీసుకున్నారు. క్రమశిక్షణ తప్పినందుకు విచారణ అయ్యేదాకా పాత భవనంలో పాఠాలు చెప్పుకొమ్మన్నారు. సంస్థ తరఫున ఒక వివరణ కూడా వచ్చింది. “కొన్ని మాటలను కొందరు వేరుగా అర్థం చేసుకున్నందుకు చింతిస్తున్నాం” అని. అది చదివి ఆమె పత్రికను ఉండ చుట్టి గోడకేసి కొట్టింది.

పాత భవనం మెట్ల మీద కూర్చుని ఉండగా, తెల్ల కారు వచ్చి ఎదురుగా ఆగింది. అక్క అద్దం దించింది.

“ఎక్కు.”

“ఎక్కడికి?”

“ఆసుపత్రికి. గేటు దగ్గర నువ్వరిచింది ఫోన్లో చూశా. ఒంటరిగా నాకు భయం. మీ బావ వస్తే ఆయనకే కళ్ళు తిరుగుతాయి.”

చెల్లెలు ఎక్కింది. దారంతా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. ముందు పోతున్నవాళ్ళని కూడా తిట్టలేదు. ఆవిడ తిట్టకుండా కారు నడపడం చెల్లెలు అదే మొదటిసారి చూడ్డం.

కొత్త మందులు మునుపటికన్నా ఘాటైనవి. అక్క వాటితో చాలా కష్టపడింది. ఎముకలన్నీ నలగ్గొట్టినట్టుందనేది, పళ్ళెం దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేది. ఆ కీమో హాల్లో పెయింటరు భార్య కూడా కొన్నాళ్ళు వచ్చింది. అక్కా ఆవిడా పక్క పక్క కుర్చీల్లో కూర్చుని డైరెక్టర్ని తిట్టుకునేవాళ్ళు. అక్క దగ్గర కొత్త తిట్లు చాలా ఉండేవి, ఆవిడ నవ్వేది. తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఎందుకు రావట్లేదో నర్సు చెప్పింది. చెల్లెలు వరండాలోకి వెళ్ళి, గోడను పిడికిలితో గుద్ది, వేళ్ళు వాచేలా చేసుకుంది.

ఆ వారంలోనే డైరెక్టరు గారు ఇంకా పెద్ద సంస్థకు సలహాదారుగా వెళ్ళాడు. పూలదండలతో సాగనంపారు. విచారణలో ఆమె తప్పేమీ తేల్చలేక, తేల్చకుండా వదిలేశారు. ల్యాబు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ముక్కాలి పీట పని ఇంకొకరి చేతికి పోయింది. మనుషుల మీద మొదటి పరీక్షకి పద్ధతి ప్రకారం ఏర్పాట్లు జరుగుతున్నాయని శిష్యురాలొకమ్మాయి వచ్చి చెప్పింది. “తొందరపడుతున్నారా?” అని మేడమ్ అడిగింది. “లేదు మేడమ్, చాలా నెమ్మదిగా,” అంది ఆ అమ్మాయి. “నెమ్మదిగానే చెయ్యమను,” అంది.

అక్కకు ఆపరేషను అయింది. రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలో గ్రంథులతో సహా. చెయ్యి పైకెత్తడం కష్టమైంది. స్టీరింగు ఒక చేత్తోనే తిప్పాలి. డాక్టరమ్మ ప్రస్తుతానికి జబ్బు కనిపించట్లేదంది. “ప్రస్తుతానికి” అన్న మాటను మాత్రం ఒత్తి పలికింది.

తర్వాత పరీక్షల కోసం వెళ్ళిన ఒక పొద్దున, వరండాలో పిలుపు కోసం చూస్తూ అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చున్నారు. ఆపరేషను తర్వాత అక్క మామూలుగానే మాట్లాడుతోంది. శిష్యురాళ్ళ సంగతులు చెబుతోంది, బావ మీద జోకులేస్తోంది. కానీ ఒక్క సంగతి మాత్రం ఎత్తకుండా తప్పించుకుంటోందని చెల్లెలికి తెలుసు. ఆ పొద్దున అదే ఎత్తింది.

“ఆ రోజు నువ్వు నాకా సీసా ఇచ్చుంటే?”

“ఏమయ్యేదో నాకు తెలీదక్కా. బాగయ్యేదానివో, పోయేదానివో. తెలీదు కాబట్టే ఇవ్వలేదు.”

అక్క ఆపరేషనైన వైపు చేత్తో కాకుండా, రెండో చేత్తో చీర కొంగు సర్దుకుంది.

“తెలీదు అనే ముక్క ఎంత తేలిగ్గా అనేశావే ఇప్పుడు,” అంది. “అదే ముక్క ఆ మైకులో గట్టిగా అరవడానికేమొచ్చిందే నీకు? కూర పాడైతే అరుస్తావు. పిల్లలు గ్లౌజులేసుకోకపోతే అరుస్తావు. అరవాల్సిన చోట నవ్వావు.”

నర్సు తలుపు తీసి అక్కని పిలిచింది. అక్క లేచి, సంచీ చెల్లెలి ఒళ్ళో పడేసి, “ఇది పట్టుకుని ఇక్కడే ఉండు. ఎటూ పోకు,” అని లోపలికి వెళ్ళింది.

చెల్లెలు సంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె దవడలు బిగుసుకుని ఉన్నాయి. ఎవరి మీద కోపమో అడిగితే చెప్పగలిగేది కాదు. అందరి మీదా, ముందుగా తన మీద.